కర్త కనిపించని వాక్యాలు

రేడియో గల ఇండ్లలో సాయంకాలపు వార్తలు వినే వేళకు పక్కగదిలో పిల్లలు ఇంగ్లీషు పాఠాలు వల్లెవేయడం మామూలు సంగతే. పై తరగతులకు పోయినకొద్దీ వారికి ఎదురయ్యే మాటలలో ఒక గుంపు మార్పును గురించినది. మరొక గుంపు కారణాన్ని, ఫలితాన్ని గురించినది. కాజ్, రీజన్, అకేషన్, ప్రీటెక్స్టు. ఎఫెక్టు, రిజల్టు, కాన్సిక్వెన్సు. షిఫ్టు, ట్రాన్స్‌ఫరు, ఔట్‌బ్రేకు - ఇట్లా పట్టిక సాగుతుంది. పిల్లలు వీటిని పర్యాయపదాలుగా బట్టీపడతారు. పరీక్షకు అంతమాత్రం చాలునేమో గాని, చరిత్రకు చాలదు. ఒక మాటకు బదులు మరొక మాట పడినందువల్ల మనుష్యుల బ్రతుకు ఎట్లా మారుతుందో తెలుసుకోవటానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. విశాఖపట్నం నుంచి రైలులో సొరంగాలు దాటి అరకు చేరి, అక్కడ నుంచి పాడేరు, చింతపల్లి, గూడెం మీదుగా రంపచోడవరం దాకా సాగే తూర్పుకనుమల చరిత్ర చాలును.

ఆ కొండలలో కొండదొరలు, కొండరెడ్లు, బగతలు, కోయలు, గదబలు, పోర్జలు, ఖోందులు మొదలైనవారు తరతరాలుగా నివసిస్తున్నారు. వారి ఇండ్లలో కువి, కోయ, గదబ, తెలుగు, ఒడియా భాషలు వినిపిస్తాయి. అయితే వారి భూమిని, అడవిని, పన్నులను నిర్ణయించిన కాగితాలు మాత్రం నూరేండ్లకు పైగా ఇంగ్లీషులోనే నడిచినవి. ఆ కాగితాలలో ఏది జరిగినదని వ్రాశారు, అది దేనివలన జరిగినదని వ్రాశారు అన్న రెండు ప్రశ్నలు నేడు మేము శ్రోతల ముందు ఉంచదలచుకున్నాము.

ముందుగా ఒక మాట. కారణాలలో భేదాలు చూపటం ఇంగ్లీషువారి సొత్తు కాదు. మన తర్కశాస్త్రం కుండను ఉదాహరణగా తీసుకుని, మట్టి ఉపాదాన కారణమనీ, కుమ్మరి నిమిత్త కారణమనీ ఏనాడో విడదీసి చెప్పినది. కాకి వాలటమూ తాటిపండు పడటమూ ఒకే క్షణంలో జరిగితే, ఒకటి రెండవదానికి కారణమని భ్రమపడరాదని చెప్పటానికి కాకతాళీయమన్న మాట పెట్టుకున్నాము. వాడుకలోనైనా కారణం వేరు, నెపం వేరు, సాకు వేరు. ఆ తూనికరాళ్లనే ఇక్కడ వాడి చూద్దాము.

మొదట ఆ ప్రాంతపు పేరు చూడండి. మన్యం అన్న పాత పేరుతో పాటు ఏజెన్సీ అన్న మాట నేటికీ మన నోట వినబడుతున్నది. అది 1839 నాటి మాట. అంతకు పూర్వం గంజాం, విశాఖపట్నం జిల్లాలలో జమీందారుల అలజడులు పెచ్చుపెరగగా, వాటికి కారణాలు విచారించవలసినదని 1832లో మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే ఉద్యోగిని ప్రత్యేక కమిషనరుగా పంపినది. ఆ విచారణల ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చినది. దాని ప్రకారం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల అధికారం నుంచి తప్పించి, జిల్లా కలెక్టరును గవర్నరుగారి ఏజెంటుగా నియమించి, ఆయన చేతిలో పెట్టారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ అయినది.

ఇంగ్లీషు వ్యాకరణంలో ఏజెంటు అనగా క్రియను చేసేవాడు, మన వ్యాకరణంలో కర్త. అనగా ఆ ప్రాంతపు పేరులోనే కర్త ఎవరో తేలిపోయినది. పాలన చేసేది ఏజెంటు. పాలన పొందేది కొండప్రజ. విచిత్రమేమనగా, పేరులో ఇంత స్పష్టంగా నిలిచిన కర్త, జరిగిన సంగతులను చెప్పే వాక్యాలలోకి వచ్చేసరికి మెల్లగా కనుమరుగు కాసాగినాడు. పన్ను పెంచబడినది, అడవి రిజర్వు చేయబడినది, అలజడి చెలరేగినది. పెంచినవారు, రిజర్వు చేసినవారు వాక్యంలో లేరు. కొండవారు మాత్రం విల్లు పట్టిన రోజున కర్తలుగా కనిపిస్తారు.

1879 సంగతి తీసుకుందాము. ఆ ఏడు మార్చిలో గోదావరి జిల్లా రంపసీమలో తిరుగుబాటు మొదలైనది. కొండలలోని పోలీసుల మీద దాడులు జరిగినవి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగులబెట్టినాడు. కొద్దినెలలలోనే అది విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం వైపు రేకపల్లి సీమకూ పాకినది. మద్రాసు పదాతి దళాలు, సాపర్లు, హైదరాబాదు కంటింజెంటు సైనికులు కొండలెక్కవలసి వచ్చినది. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర మరణించిన తరువాత గాని అది చల్లారలేదు.

ఇట్టి సంఘటనకు ఇంగ్లీషు కాగితాలలో ఔట్‌బ్రేకు అన్న మాట తరచుగా పడుతుంది. అంటువ్యాధి వచ్చినా ఔట్‌బ్రేకే, తిరుగుబాటు వచ్చినా ఔట్‌బ్రేకే. ఆ మాట విన్నవారికి అది తనంతట తాను పుట్టినదనీ, దానిని అణచటమే చికిత్స అనీ తోస్తుంది. కాని అదే కాగితాలలో దాని పక్కనే మరొక మాట ఉన్నది. 1907లో వెలువడిన విశాఖపట్నం, గోదావరి జిల్లాల గెజిటీర్లు కూడా దానిని మార్చకుండా ఇంగ్లీషులోకి తెచ్చుకున్నవి. ఆ మాట ఫితూరీ. అరబ్బీ నుంచి హిందుస్తానీ మీదుగా మనకు వచ్చిన ఈ మాటకు కుట్ర, తిరుగుబాటు అని అర్థం. నేడు మన ఇండ్లలో అదే మాట పితూరీ అయి, ఒకరి మీద ఒకరు చెప్పే ఫిర్యాదుకు పేరైనది. అన్న మీద తమ్ముడు అమ్మకు చెప్పేది పితూరీయే. మాట యాదృచ్ఛికంగానే అట్లా మారినా, అది చరిత్రకు తగినట్లే ఉన్నది. ప్రతి ఫితూరీ వెనుకా అంతకు ముందు ఎవరూ వినని ఒక పితూరీ ఉన్నది.

ఆ పితూరీ ఏమిటో విచారణ జరిపిన అధికారులే వ్రాశారు. రంప మన్సబుదారు ముఠాదారుల భూములను కాజేసి, పన్నులు హెచ్చించినాడు. కల్లుగీతపై చిగురుపన్ను వసూలు చేసేవాడు. దానికి తోడు కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి వాడకానికి సైతం కల్లు గీయరాదన్నవి. గీత హక్కు గుత్తేదారుల పాలైనది. మైదానాల నుంచి వచ్చిన వర్తకులు, కోర్టు సంగతులు తెలియని కొండవారి మీద దావాలు వేసి, వారు హాజరు కాని కారణంగా ఏకపక్షపు డిక్రీలు పొంది, చిన్న బాకీకి పశువులను, పంటను జప్తు చేయించేవారు. ఇక రేకపల్లి వైపు బాధ వేరు. 1874లో ఆ సీమ మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానికి మారినది. పోడు మీద పన్ను పెరిగినది. కొన్నిచోట్ల నరకటం నిషేధమైనది.

కుండ ఉదాహరణ ఇక్కడ అక్కరకు వస్తుంది. కల్లుగీతపై నిషేధం నిమిత్తం. అది రగిలించినది, ఇంగ్లీషులో అకేషన్ అనదగినది. భూమి పోవటం, డిక్రీలు, పోడుపై ఆంక్షలు ఉపాదానం. కుండకు మట్టి వంటివి. ఫితూరీ అణగిన తరువాత ప్రభుత్వం మన్సబుదారును తొలగించి, ముఠాదారులకు తానే సన్నదులు ఇచ్చినది, చిగురుపన్ను రద్దయినది. అనగా నిమిత్తానికి చికిత్స జరిగినది. మట్టి మాత్రం అట్లాగే ఉండిపోయినది. మట్టి ఉన్నంతకాలం మరొక కుమ్మరి రాకపోడు.

కారణానికి తప్పుపేరు పెడితే చికిత్స తప్పుతుందనటానికి ఆ కొండలలోనే మరొక నిదర్శనం ఉన్నది. మన్యానికి పోయిన సైనికులను కొండవారి బాణాలకంటె జ్వరం ఎక్కువగా బాధించినది. ఆ జ్వరానికి మలేరియా అని పేరు. ఇటలీ భాషలో దానికి చెడుగాలి అని అర్థం. పేరులోనే ఒక కారణం చెప్పేశారు. ఆ కారణం తప్పు. అడవిగాలిని నిందిస్తూ తరాలు గడిచినవి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని చూచిన తరువాత గాని అసలు దారి తెలియలేదు. గాలి నిర్దోషి అయినది. కాని తప్పుపేరు నేటికీ నిలిచి ఉన్నది. ఒకసారి నాటుకున్న మాటకు అంతటి బలం.

అట్టి బలం గల మాటే షిఫ్టింగ్ కల్టివేషన్. పోడు వ్యవసాయానికి అధికారులు పెట్టిన పేరు ఇది. పోడు చేసే రైతు వేసవిలో కొండవాలు మీది చెట్లను నరికి, ఎండిన తరువాత కాల్చి, తొలకరికి ఆ బూడిదనేలలో సామ, చోడి, కంది వంటివి చల్లుతాడు. రెండు మూడేండ్లు పండించి, నేల సత్తువ తగ్గగానే దానిని విడిచి మరొక వాలుకు పోతాడు. విడిచిన చోట అడవి మళ్లీ లేస్తుంది; కొన్నేండ్ల తరువాత తిరిగి అక్కడికే వస్తాడు. షిఫ్టింగ్ అన్న మాట రైతు పోవటాన్ని చూచినది, తిరిగి రావటాన్ని చూడలేదు. పోయినవాడుగా లెక్కకట్టిన తరువాత, విశ్రాంతి తీసుకుంటున్న నేల కాగితం మీద ఎవరికీ చెందని బంజరుగా మారటం ఎంతసేపు? 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చినది. క్రమంగా కొండ అడవులు రిజర్వు అయినవి. రిజర్వు అంటే దాచి ఉంచటం. ఎవరి కొరకు, ఎవరి నుంచి అన్న ప్రశ్నలకు ఆ మాటలో సమాధానం లేదు. ఇందులో అధికారుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. విశ్రాంతి కాలం తగ్గి, ఒకే వాలును మాటిమాటికీ కాల్చితే మన్ను కొట్టుకుపోవటం నిజమే. అయితే విశ్రాంతి కాలం తగ్గటానికి, సాగుచేయదగిన అడవి తగ్గిపోవటం కూడ ఒక కారణం. ఫలితాన్ని చూపి దానినే కారణమనటం చరిత్రలో తరచుగా జరిగే పొరపాటు.

1922 నాటికి ఉపాదానం నిండుకుండలా ఉన్నది. అడవి ఆంక్షలు, పోడు కేసులు, ముఠాదారుల హక్కులు సన్నగిల్లటం వీటన్నిటి మీద, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు పని వచ్చినది. గూడెం డిప్యూటీ తహసీల్దారు కొండవారి చేత తగిన కూలి ఇవ్వక నిర్బంధంగా పనిచేయించినాడన్న ఆగ్రహం రాజుకున్నది. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగి, తుపాకులు వారి వశమైనవి. సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద స్కాట్ కవర్డు, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతులైనారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దళాలు దిగినవి. 1924 మే 7న రాజును పట్టి కాల్చిచంపారు.

ఈ ఘట్టానికి పేర్లు మారిన తీరు గమనించదగినది. ఆనాటి ప్రభుత్వానికి అది ఫితూరీ. తరువాతి రచయితలకు తిరుగుబాటు. స్వరాజ్యం వచ్చిన పిమ్మట అది స్వాతంత్ర్య సమరం. సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికైనాడు. ఒక పాలనలో నేరస్థుడైనవాడు మరొక పాలనలో శాసనకర్త అయినాడు. 2022లో పాడేరు ముఖ్యపట్టణంగా ఏర్పడిన జిల్లాకు సీతారామరాజు పేరు పెట్టారు. ఇవన్నీ న్యాయమే, సంతోషించదగినవే.

కాని గౌరవవాచకం కూడా కారణాన్ని కప్పివేయగలదని మాకు తోస్తున్నది. స్వాతంత్ర్య సమరమన్నప్పుడు కారణం పరాయిపాలన అని ఒక్కమాటలో ముగుస్తుంది. పరాయివారు పోగానే కారణం కూడా పోయినదని మనసు తృప్తిపడుతుంది. లంబసింగి రోడ్డు మీద ఇవ్వని కూలి, పోడు మీది కేసు, పోయిన ముఠా హక్కు ఆ పెద్దమాట నీడలో కనబడవు. వాటిలో కొన్ని 1947 తరువాత కూడా అట్లాగే ఉన్నవి.

వాటిలో పెద్దది భూమి. భూమి చేతులు మారినది అని తెలుగులో కూడ అంటాము. చేతులు వాటంతట అవే మారినట్లు! ఈ తప్పు ఇంగ్లీషుకే పరిమితం కాదని శ్రోతలు గ్రహించే ఉంటారు. ఏజెన్సీలో గిరిజనుని భూమి, ఏజెంటు అనుమతి లేనిదే ఇతరులకు పోరాదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసినది. స్వతంత్ర భారతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో మరొక రెగ్యులేషను తెచ్చినది. అయినా భూమి పోతూనే వచ్చినది. అప్పు పత్రం, కౌలు పత్రం, బినామీ పేరు - దారులు ఎన్నో. పోయిన భూమి తనదని కాగితంతో రుజువు చేసుకునే భారం, కాగితమే ఎరుగని గిరిజనుని మీద పడేది.

1970లో వచ్చిన ఒకటవ రెగ్యులేషను ఈ భారాన్ని తారుమారు చేసినది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి, వ్యతిరేకంగా రుజువయ్యేదాకా, గిరిజనుని నుంచి సంక్రమించినదనే భావించాలి అని అన్నది. దీనిని ఇంగ్లీషులో ప్రిజంప్షన్ అంటారు. మన తార్కికులు కొండ మీద పొగను చూచి నిప్పును ఊహించినట్లు, చట్టం ఇక్కడ కార్యాన్ని చూచి కారణాన్ని ఊహించినది. కాదనేవాడు కాగితం తేవాలి. ఒక్క పదంతో వాక్యంలోకి కర్త తిరిగి వచ్చినాడు.

అంతకు ముందే శ్రీకాకుళం కొండలలో గిరిజనోద్యమం లేచినది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించిన పిమ్మట అది సాయుధపోరాటంగా మారినది. 1970 రెగ్యులేషను ఆ ఉద్యమం తరువాత వచ్చినదా, దాని వలన వచ్చినదా? తరువాత, వలన అన్న ఈ రెండు మాటల నడుమనే కాకతాళీయం పొంచి ఉంటుంది. మా మట్టుకు, ఉద్యమానికీ చట్టానికీ కూడా అడుగున ఉన్నది ఒకే మట్టి - పోయిన భూమి, తీరని అప్పు - అని చెప్పటం సత్యానికి దగ్గరగా ఉంటుంది. ఉద్యమం దానిని ఇక దాచలేని స్థితికి తెచ్చినది.

చివరి ఘట్టం అరకుకు వెళ్లే దారిలోనిదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వ భూములను ఖనిజాల త్రవ్వకానికి గిరిజనేతర సంస్థలకు లీజుకు ఇవ్వటాన్ని సమత అనే సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించినది. గిరిజనేతర వ్యక్తికి భూమి బదిలీ చేయరాదని చట్టం అంటున్నది గదా, మరి ప్రభుత్వమే ఇస్తే? ఆ చట్టంలోని పర్సన్ అన్న మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందా లేదా అన్నది వివాదంలో కీలకమైనది. చేరుతుందని 1997 జులై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్నది. 1839లో ఏజెంటు అన్న పేరుతో కొండలెక్కి, ఆపైన వాక్యాల చాటున నిలిచిన కర్త, 158 ఏండ్ల తరువాత ఒక చిన్న మాటలో తిరిగి పట్టుబడినాడు. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టం తన పీఠికలో, పరాయిపాలనలోను స్వతంత్ర భారతంలోను కూడా అడవి ప్రజల హక్కులను గుర్తించకపోవటం వలన చారిత్రక అన్యాయం జరిగినదని ఒప్పుకున్నది. వలన అన్న ఆ మాటకు చట్టంలో చోటు దొరకటానికి అన్ని తరాలు పట్టినది.

కాబట్టి ఇంట పిల్లలు కాజ్, ఎఫెక్టు మాటలు వల్లెవేస్తున్నప్పుడు పెద్దలు వారి చేత ఒక చిన్న అభ్యాసం చేయించవచ్చును. పాఠంలో గాని, పత్రికలో గాని, మేము చదివే వార్తలో గాని, ఏదో మారినది, ఏదో చెలరేగినది, ఎవరో తరలించబడినారు అన్న వాక్యం వచ్చినప్పుడు, ఇందులో కర్త ఎవరు, ఇది నిమిత్తమా ఉపాదానమా అని అడగమనండి. మాటలను ఎన్నుకునే పని చేస్తున్న మాకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది. అరకు కొండల చరిత్రలో ఆ ప్రశ్న అడిగినవారు తక్కువ. అడగనందుకు మూల్యం చెల్లించినవారు మాత్రం కొండవారే.